నొప్పి లేని పన్ను

అట్లాస్ కొండల కింద సఫ్రూ ఊళ్లో జెల్లాబాలనే పొడుగు అంగీలకు పట్టు గుండీలు అల్లే ఆడవాళ్లలో ఇత్తో చేతివేగమే వేరు. పక్కనున్నవాళ్లు తుమ్ము మొదలుపెట్టి ముగించేలోగా రెండు గుండీలు అల్లేసేది. కత్తెర ముట్టేది కాదు. దారం పళ్లతోనే పుటుక్కున కొరికేది. ఆ ముందు పళ్లలో ఒకటి దేవుడిచ్చింది కాదు. రెండేళ్ల కిందట వఫా అనే పళ్ల డాక్టరమ్మ ఆమె దవడ ఎముకలో మర దింపి బిగించింది.

ఆ మంగళవారం నీలం దారం కొరకగానే పన్ను కదిలింది.

నాలుకతో తోసి చూసింది. మళ్లీ కదిలింది. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి లేదు కదా అని ఒక్కసారైనా వెళ్లలేదు. పన్ను లేని రోజుల్లో నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని మాట్లాడిన అవస్థ గుర్తొచ్చింది. మళ్లీ అదే బతుకా?

మొగుడు బెన్నాసర్ టీ గ్లాసుతో వచ్చి, సంగతి విని, ఎగతాళికి దిగాడు.

"పక్కూరు భలీల్‌లో ఒకడికి ఇలాగే అయిందిటే. వాడి మర కిందికి ఊడలేదు, పైకెక్కింది. తిరుగుతూ తిరుగుతూ కళ్ల మధ్యకొచ్చింది. ఉరిమినప్పుడల్లా పిడుగు వాణ్నే వెతుక్కుంటూ వచ్చేదిట!"

"నీ నోట్లో మన్ను పొయ్య! నేను చస్తుంటే నీకు కబుర్లా?"

అబద్ధమని తెలుసు. అయినా చెయ్యి ముక్కు దూలం మీదికి పోయింది. అక్కడేదో గట్టిగా తగిలింది.

మర్నాడు క్లినిక్ తెరవకముందే మెట్ల మీద కూర్చుంది. తలుపు తీయగానే వెళ్లి కుర్చీలో వాలింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కాసేపట్లో ఇత్తోకు పదేళ్లు పైబడ్డాయి.

"దారం కొరుకుతున్నారా, లల్లా ఇత్తో?" అమ్మగారూ అన్నంత మర్యాదగా అడిగింది.

"అయ్యో, లేదమ్మా! ఒట్టు!"

డాక్టరమ్మ సన్నని పట్టకారు పంటి చిగురు కిందికి పోనిచ్చి మెల్లగా లాగింది. నీలం పోగు వచ్చింది. తర్వాత ఆకుపచ్చది. ఆ తర్వాత రంగే తెలియకుండా కుళ్లినది, దాని వెంట చీము. ఇంకాస్త లాగితే జెల్లాబాయే ఒకటి బయటికొచ్చేలా ఉంది.

"ఊగుతున్నది పైతొడుగు. దాన్ని బిగిస్తాను. భయం దానితో కాదు. ఇదిగో, మర చుట్టూ ఎముక సగం దాకా పోయింది. ఇంకొంచెం పోతే మర మొత్తం ఊడొస్తుంది. మళ్లీ దింపడానికి అక్కడ ఎముక మిగలదు."

"ఒక్కనాడూ నొప్పి పుట్టలేదే అమ్మా!"

"సొంత పన్నుకైతే లోపల నరం ఉంటుంది, గోల చేస్తుంది. దీనికి నోరు లేదు."

"మరి ఎముక ఇంకా పోతోందని నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. నాకు తెలుస్తుంది, అదీ మీరొస్తేనే. ఇవాళ శుభ్రం చేస్తాను. పదిహేను రోజులకు రండి, తర్వాత మూడు నెలలకోసారి."

ఇంటికొచ్చాక నాలుక ఆ పన్ను వైపు పోవడానికి జంకింది. రొట్టె నమిలినా ఎముక ఇసుకలా రాలుతున్నట్టే అనిపించేది. నమలడం ఆపి చెవులు రిక్కించేది. ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేకపోవడమే ఆమె ప్రాణం తోడేసింది.

నాలుగో రోజే క్లినిక్‌లో ప్రత్యక్షమైంది.

"ఏమైంది లల్లా, నొప్పి పుట్టిందా?"

"లేదమ్మా," అంది ఇత్తో. "ఏమీ లేదు. అందుకే భయమేసింది. ఒక్కసారి చూడు."