సరే అన్నకొద్దీ

భీమేశ్వరరావు గారు పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక్కసారి దగ్గారంటే, ఆఫీసులో ఫైళ్ళు వాటంతటవే బల్లలు దిగి నడిచేవి. అంత పెద్ద ఆఫీసరు. ఇంట్లో మాత్రం గొంతు పెంచి ఎరగరు. "నీ ఇష్టం" అనేవారు, కంచం పక్కకి జరిపేవారు. అవతలివాళ్ళు "సరే" అనేదాకా ఆ కంచం మీద ఈగ కూడా వాలడానికి జంకేది.

ఆయనకి సరే అన్న ఇంటి మనిషి, అన్నప్పుడల్లా కాస్త పొట్టి అవుతుంది. ఢిల్లీ నీళ్ళకి జుట్టు రాలినట్టే అదీను. కాలనీలో ఎవరూ పట్టించుకోలేదు. భార్య జానకీదేవి కాపురానికొచ్చిన కొత్తలో గుమ్మం దగ్గర వంగి నడిచేంత పొడగరి. సరే అనీ సరే అనీ ఇప్పుడు చిటికెనవేలంత అయింది. పంచదార డబ్బా మీద కూర్చుని వంటమనిషికి ఉప్పూ కారం చెప్పేది. కూరగాయల భయ్యా ఆవిణ్ణి తక్కెట్లోంచి తీసి పక్కన నిలబెట్టి, "ఆంటీజీ, జరా హటియే" అని టమాటాలు తూచేవాడు.

కూతురు ఇంద్రజ ఇంటికి దూరంగా ముఖర్జీ నగర్‌లో పీజీ గది అద్దెకి తీసుకుని చదివింది కాబట్టి పొడుగు మిగిలింది. సివిల్స్ కొట్టింది, పోలీసు సర్వీసు వచ్చింది. ఇక వైద్యపరీక్షలో ఎత్తు కొలవడమే తరువాయి.

నాన్నగారి ఎత్తులు వేరు. పైఆఫీసరు కేశవరావు గారి అబ్బాయికి పిల్లనిస్తే తన కుర్చీ ఇంకో మెట్టెక్కుతుంది. వాళ్ళకేమో పోలీసు కోడలు పనికిరాదు. అయినా ఉద్యోగం వద్దని ఆయన ఒక్కమాట అన్లేదు. "పీజీ ఖాళీ చేసెయ్ అమ్మలూ, నీ ఇష్టమే." సరే నాన్నా. "ఫోను నా దగ్గరుండనీ, నీ ఇష్టమే." సరే నాన్నా. మోకాళ్ళ దగ్గరుండే కుర్తీలు పిక్కల మీదకి దిగాయి.

"ఇంక నోరు తెరవకు," అంది తల్లి. "సరిగ్గా కొలత గీత మీదున్నావు. ఇంకొక్క సరే అన్నావో, ఉద్యోగం పోయినట్టే."

"నోటికి ప్లాస్టరేసుకుంటాలే అమ్మా."

పరీక్షరోజు పొద్దున ఆయన పెసరట్టు ముట్టకుండా గుండె మీద చెయ్యేసుకున్నారు.

"నాకేమన్నా అయితే మీ అమ్మని చూసుకుంటావు కదమ్మలూ?"

డబ్బా మీంచి జానకీదేవి రెండు చేతులూ ఊపింది, అనొద్దని. ఇంద్రజ తల్లి వైపు చూసింది. ఆ ప్రశ్నకి కాదనగల నాలుకని దేవుడింకా తయారు చెయ్యలేదు.

"సరే నాన్నా."

చున్నీ కొస నేలకి తగిలింది. ఆయన పెసరట్టు తిన్నారు. ఇంకోటి వేయించుకుని అల్లప్పచ్చడితో తిన్నారు. "పద, నేనే దింపుతాను," అన్నారు. ఆసుపత్రి బయట కారులో కూర్చుని కేశవరావు గారికి ఫోను కలిపారు. "ముహూర్తం చూపించండి సార్. అమ్మాయి ఒప్పుకుంది."

లోపల నర్సు, "చప్పల్ ఉతారో" అని ఇంద్రజని ముందుకి తోసింది. కూతురి హ్యాండ్‌బ్యాగులో దాక్కునొచ్చిన జానకీదేవి జారి దిగి, కొలిచేచోట అడ్డంగా పడుకుంది.

"ఎక్కి నిలబడు."

"పిచ్చా అమ్మా నీకు?"

"తొక్కించుకోవడం నాకు కొత్తేంటే? మీ నాన్న తొక్కితే ఎవరికీ ఒరిగింది లేదు. నువ్వు తొక్కితే నువ్వన్నా పైకొస్తావు. ఎక్కు."

ఇంద్రజ రెండు మడమలూ మెల్లిగా ఆనించింది. నర్సు చూసింది. ఆవిడకీ ఒక నాన్న ఉండే ఉంటాడు, గోడకేసి తిరిగింది.

పైనుంచి కొలబద్ద దిగి నెత్తిని నొక్కింది.

"బరువున్నావే," అంది జానకీదేవి కిందనుంచి. "కదలకు. డాక్టరింకా రాయలేదు."

డాక్టరు కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, పెన్ను విదిలించి, ఒక యుగం పట్టించి రాశాడు. "ఠీక్ హై. పాస్. నెక్స్ట్."

"అయిపోయిందమ్మా," అంది ఇంద్రజ.

కిందనుంచి మాట రాలేదు. తర్వాతి అమ్మాయి చెప్పులు విప్పి నిలబడింది. నర్సు దిగమంది, మళ్ళీ దిగమంది. ఇంద్రజ కాలెత్తలేదు.