బొత్తాం వాసన

ఆ వీధిలో తెల్లారిందని చెప్పే పని సూర్యుడిది కాదు, నురగమ్మ మిక్సీది. ఆరు కొట్టేసరికి అది లేచేది. అది లేచిందంటే ఇటు నాలుగు వీధులు, అటు మూడు వీధులు లేచి కూర్చోవలసిందే. సూర్యుడు కూడా ‘అమ్మో, ఆలస్యమైపోయింది’ అనుకుని మేడల వెనకనుంచి గబగబా ఎక్కివచ్చేవాడంటే అందులో అబద్ధం ఆవగింజంత కూడా లేదు.

ఆ మిక్సీలో నలిగేవి ఓట్స్. పిండి మెత్తగా అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో కలిపి, కలబంద గుజ్జు వేసి, చెంచాడు కొబ్బరినూనె తిప్పి, చిట్టచివర నిమ్మగడ్డి నూనె నాలుగంటే నాలుగు చుక్కలు వేస్తే కుక్కలకు ఒళ్ళు రుద్దే షాంపూ తయారు. దురదలున్న కుక్కలకు నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి ఆఖరి చెంబుగా పోసేది. పాదాలు పగిలినవాటికి తేనెమైనం, కొబ్బరినూనె కరగబోసి చిన్న చిన్న డబ్బాల్లో లేపనం పట్టేది. “బయటి మందు ఒక్క చుక్క ఉందని నిరూపించండి, నా పేరు మార్చుకుంటాను” అనేది. ఆవిడ అసలు పేరు అప్పటికే అందరూ మర్చిపోయారు కాబట్టి ఆ పందేనికి ఎవరూ దిగలేదు. ఒకసారి ఎవరో అనుమానంగా చూశారని గిన్నెడు షాంపూ గటగటా తాగి చూపించింది. ఆ తర్వాత మూడు రోజులు ఆవిడ ఎవరినైనా తిట్టినా బుడగల్లోనే తిట్టిందట. ఎదురింటి లాయరమ్మ బొచ్చుకుక్కను ఒక ఆదివారం కూర్చోబెట్టి దువ్వితే, రాలిన బొచ్చుతో రెండు పరుపులు, ఒక దిండు అయ్యాయి. కుక్క మాత్రం పెట్లో పెట్టుకెళ్ళేంతయింది.

ఇంతటి మహాతల్లికీ ఒక గుట్టుంది. ఆవిడ ముక్కు చచ్చిపోయి మూడేళ్ళయింది.

ఒక పెద్ద జలుబు వచ్చి, పోతూ పోతూ వాసనలన్నిటినీ మూటగట్టుకుపోయింది. మల్లెపువ్వూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. సబ్బులు చేసే మనిషికి ముక్కు లేదని తెలిస్తే ఎవరైనా గడప తొక్కుతారా? అందుకని కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు. గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, “ఆహా” అనేది. ఆ ఆహా ఒకటి, నాలుగు చుక్కల లెక్క ఒకటి. ఈ రెండింటి మీదా మూడేళ్ళు బండి లాగించింది.

ఆ వీధి మొగలో దర్జీ బాబాయి కొట్టుంది. ఆయన కళ్ళు పోయి చాలాకాలమైనా చేతులు పోలేదు. బట్టను వేళ్ళతో ఒక్కసారి నిమిరి, ఏ మిల్లులో నేశారో, ఏ నెలలో నేశారో, నేసేటప్పుడు బయట వానపడుతోందో లేదో కూడా చెప్పేవాడు. ఆయన కుక్క పేరు బొత్తాం. తెల్లటి ఒంటి మీద, సరిగ్గా ఛాతీ మధ్యన, గుండ్రంగా ఒకే ఒక్క నల్లమచ్చ. పుట్టాక ఆ కుక్క మొరిగింది మూడుసార్లే. ఇంటినుంచి కొట్టుకు, కొట్టునుంచి ఇంటికి ఆయన్ని తీసుకెళ్ళేది అదే. మెడకు తాడు ఉండేది కాదు. “తాడెందుకు? వాడి వాసనే నాకు తాడు” అనేవాడు బాబాయి. గోనెసంచీ, మిషను నూనె, గీతలు గీసే సుద్ద, ఇస్త్రీ ఆవిరి అన్నీ కలిసిన వాసన అది. అర అడుగు ముందు నడిచేది. వెనకాలే ఆయన.

బొత్తాన్ని స్నానానికి పంపమని నురగమ్మ ఏడాదిపాటు ఆయన వెంటపడింది.

“కుక్కన్నాక కుక్క వాసన రాకపోతే చేప వాసనొస్తుందా తల్లీ?” అనేవాడాయన.

“ఒక్కసారి నా చేతుల్లో పెట్టి చూడండి బాబాయ్. మీ బొత్తాన్ని పట్టుబొత్తాం చేసి పంపకపోతే అడగండి.”

చివరికొక రోజు ఆయన పడలేక, మెడకున్న పట్టీ తన చేత్తోనే వదులు చేసి బొత్తాన్ని అప్పగించాడు.

అదే రోజు నిమ్మగడ్డి నూనె సీసా మూత తీసి ఉంది. ఎప్పటినుంచి తీసి ఉందో తెలీదు. ఇంకెవరైనా అయితే ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఘాటు పోయిందో ఉందో తేల్చుకునేవారు. నురగమ్మ నాలుగు చుక్కలు వేసి గిన్నె మీదికి వంగింది. ఏమీ లేదు. ఏమీ ఉండదని తెలుసు. కానీ ఏడాది వెంటపడి తెచ్చుకున్న కుక్క. వాసన పలచబడితే బాబాయి వీధంతా వినేలా నవ్వుతాడు. పది చుక్కలు వేసింది. ఇరవై వేసింది. ఆ తర్వాత లెక్క వదిలేసి సీసాయే వంచేసింది.

తొట్లో బొత్తాం తుమ్మింది. కళ్ళనుంచి నీళ్ళు కారాయి. పైకి ఎక్కబోయింది. “ఉండరా, అయిపోయింది, ఉండు” అని ఆవిడ మెడ మీద చెయ్యివేసి నొక్కిపెట్టింది. అప్పుడు బొత్తాం మొరిగింది. జన్మలో నాలుగోసారి. ఆ మొరుగు ఆవిడ చెవుల్లో పడింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆఖరి చెంబు పోసేసరికి బొత్తాం వాసన తొట్లోంచి లేచి, ఒళ్ళు దులుపుకుని, తడి కాళ్ళతో వెళ్ళి ముందుగది మంచం కింద పడుకుంది. తొట్లో మిగిలిన కుక్క ముఖమల్ గుడ్డలా మెరుస్తూ వణుకుతోంది.

సాయంత్రం లిఫ్టులు బాగుచేసే పనినుంచి మొగుడు వచ్చాడు. చెప్పులు విప్పుతూ మంచం వైపు చూశాడు.

“బొత్తాన్ని ఇంకా పంపలేదా?”

“పంపేశానండీ.”

“వాసన మర్చిపోయి వెళ్ళినట్టున్నాడు. మంచం కింద ఉంది” అని, తోక తొక్కకుండా కాళ్ళు మడుచుకుని కూర్చుని టీ అడిగాడు.

నురగమ్మ వంగి మంచం కిందికి చూసింది. “అవునవును, ఉంది” అంది. ఆవిడకి కనిపించింది పాత పెట్టె ఒకటే.

మర్నాడు దర్జీ కొట్టు తెరవలేదు. నురగమ్మ ఆయన ఇంటికి వెళ్తే బాబాయి అరుగు మీద కూర్చున్నాడు. బొత్తాం రెండడుగుల దూరంలో, తల నేలకి ఆనించి పడుకుంది. దగ్గరికి జరిగితే ఆయన కర్రతో అదిలిస్తున్నాడు.

“పో నాన్నా, మీ ఇంటికి పో. మీవాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు.”

“బాబాయ్, వాడు బొత్తామే” అంది నురగమ్మ.

ఆయన కుక్క వీపు మీద వేళ్ళు ఆడించాడు. “ఈ చేతులకే పాఠాలా? నా బొత్తాం ఒళ్ళు గోనెసంచి. ఇది మేలురకం పట్టు. ఒంటి మీద నిమ్మగడ్డి తప్ప వాడి వాసనే లేదు. ఎవరిదో గొప్పింటి కుక్క.” తర్వాత గొంతు తగ్గించాడు. “నాకు తెలుసులే తల్లీ. తప్పు నాది. పట్టీ వదులు చేసింది నేను. వాడు నీ దగ్గర్నుంచి జారిపోయి ఉంటాడు. నేను బెంగపెట్టుకుంటానని ఎక్కడిదో మంచి కుక్కని తెచ్చి పెట్టావు. నీ మనసు వెన్న.”

సీసా వంచేశానన్న ఆ ఒక్క మాటా నురగమ్మ అప్పుడే అనేయొచ్చు. అనబోయింది కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం, “అన్నం తిన్నారా బాబాయ్?” అని.

పదకొండు రోజులు. రోజూ చల్లటి ఓట్స్ నీళ్ళు పట్టుకెళ్ళి, ఎర్రగా కందిపోయిన బొత్తాం పొట్ట మీద గుడ్డతో అద్దింది. ఆవిడ అడుగుల చప్పుడుకే బొత్తాం కాళ్ళు దగ్గరికి లాక్కునేది. “పరాయి కుక్కయినా ఎంత ప్రేమగా చూస్తావమ్మా” అనేవాడు బాబాయి. ప్రతి మెచ్చుకోలూ ఒక సూది. ఆయన దర్జీ కాబట్టి సూదులకు కొదవలేదు. గుమ్మం దాటి అడుగు బయట పెట్టబోయి ఆయన రెండుసార్లు పడ్డాడు. కొట్లో మిషను మీద దుమ్ము పేరుకుంది.

ఇంట్లోనేమో వచ్చినవాళ్ళందరూ మంచం పక్కనుంచి చూసుకుని నడిచేవారు. లాయరమ్మ అయితే, “పాపం, చిక్కిపోయిందండీ. మొన్న గది నిండా ఉండేది, ఇప్పుడు మంచం కిందికే సరిపోయింది” అంది. “అవునండీ, నేనూ అదే అనుకుంటున్నాను” అంది నురగమ్మ. ఆ రాత్రి కంచం ముందు లెక్కలు వేసింది. చిక్కిపోతోందంటే ఇంకెన్నాళ్ళు? గదినుంచి మంచం కిందికి, అక్కడినుంచి మూలకి, ఆ తర్వాత?

వాసనను పట్టి ఉంచేది కొవ్వొక్కటేనని సబ్బు చేసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉల్లిపాయ పక్కన వెన్న పెడితే ఏమవుతుందో వంటింటికంతటికీ తెలుసు. పన్నెండోనాడు మధ్యాహ్నం తేనెమైనం, కొబ్బరినూనె కరిగించింది. నిమ్మగడ్డి సీసా వైపు కన్నెత్తి చూడలేదు. డబ్బాలో పోసి, గడ్డకట్టనిచ్చి, మూత తీసి మంచం కిందికి తోసింది. తను నేలమీద బోర్లా పడుకుంది.

“రా నాన్నా” అంది, ఎటు చూసి అనాలో తెలీక పెట్టె వైపు చూసి. “నువ్వెక్కడున్నావో నాకు తెలీదు. నేను నిన్ను నొక్కిపట్టాను. నువ్వు చెప్పావు, నేను వినలేదు. ఇందులోకి రా. ఇంటికి తీసుకెళ్తాను.”

రెండు గంటలు అలాగే పడుకుంది. తర్వాత మూతపెట్టి, డబ్బాను కొంగులో చుట్టుకుని బయల్దేరింది. తను మోస్తున్నది కుక్కనో ఉత్త మైనమో ఆవిడకి తెలీదు. ఆ అరఫర్లాంగు దూరం ఆ వేళ ఎంత పొడుగైందంటే, బయల్దేరేటప్పుడు నల్లగా ఉన్న జుట్టు చేరేసరికి నెరిసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బాబాయి అరుగు మీదే ఉన్నాడు. బొత్తాం అదే దూరంలో.

“బాబాయ్, ఈ డబ్బా మూత తీస్తున్నాను. లోపల బొత్తాం వాసన ఉందో లేదో మీరే చెప్పాలి.”

“అదేంటి తల్లీ, నీకు తెలీదా?”

“తెలీదు.” ఆవిడ అరుగు కింద, నేలమీద కూర్చుంది. “నా ముక్కు చచ్చిపోయి మూడేళ్ళయింది బాబాయ్. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాలుగు చుక్కలు వెయ్యాల్సిన చోట సీసా పోశాను. వాడు మొరిగాడు. మెడ పట్టుకుని నొక్కాను. వాడు జారిపోలేదు. పట్టీ తప్పు కాదు. ఇక్కడ పడుకుని ఉన్నవాడు బొత్తామే.”

బాబాయి చేతిలో కర్ర మెల్లగా పక్కకి ఒరిగింది.

“పదకొండు రోజులు వాణ్ణి ఈ కర్రతో అదిలించాను” అన్నాడు. “నిన్న ఒక దెబ్బ తగిలింది కూడా. నాతో వాణ్ణి కొట్టించావు కదమ్మా.”

నురగమ్మ డబ్బా మూత తీసింది.

బాబాయి ముక్కుపుటాలు అదిరాయి. చెయ్యి గాల్లోకి చాచాడు. డబ్బాలోంచి బొత్తాం వాసన దిగి, అరుగెక్కి, ఆయన మోకాళ్ళ మధ్యకి వచ్చి నిలబడింది. బొత్తాం తల ఎత్తింది. లేచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, సరిగ్గా అదే చోట, మనం మన నీడలో నిలబడ్డట్టు, నిలబడింది. బాబాయి ఆ పట్టు ఒంటిని పట్టుకుని, తల దాని మెడలో దాచుకున్నాడు. “నువ్వేనట్రా” అన్నాడు. “నువ్వేనట్రా.”

నురగమ్మ లేచి వెళ్ళబోయింది.

“ఆగు. నీ ముక్కు సంగతి మీ ఆయనకి తెలుసా?”

“తెలీదు.”

“ఇవాళ చెప్పు. రేపు మిక్సీ ఎన్నింటికి?”

“ఆరింటికి. కానీ రేపటినుంచి చెయ్యను బాబాయ్.”

“చేస్తావు. నేను వచ్చేదాకా ఆ సీసా మూత మాత్రం తియ్యకు.” గొంతులో వెన్న లేదు. “నిన్ను క్షమించాననుకోకు. ఈ వీధిలో ఇంకా చాలా కుక్కలున్నాయి.”

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. “మూడేళ్ళుగా పాలు మాడుతుంటే నా మీద కోపమనుకున్నానే” అన్నాడాయన. తర్వాత లేచి వెళ్ళి, స్టవ్ మీద పొంగుతున్న పాలను తనే దించాడు.

మర్నాడు ఆరింటికి ఏడు వీధులూ లేచాయి. సూర్యుడు పరుగెత్తుకొచ్చాడు. వంటింట్లో కుర్చీ వేసుకుని బాబాయి కూర్చున్నాడు. అర అడుగు ముందు నడుస్తూ ఆయన్ని తెచ్చిన బొత్తాం గడప బయటే ఆగిపోయింది. నురగమ్మ గిన్నె మీద సీసా వంచింది.

“ఒకటి” అంది. “రెండు. మూడు.”

“చాలు.”

“నాలుగు కదా బాబాయ్ లెక్క?”

“చాలన్నాను కదమ్మా.”

ఆవిడ సీసా నిలబెట్టి, మూత బిగించి, బాబాయి చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ గిన్నె మీదికి వంగబోయి, మానుకుని, గుమ్మం వైపు చూసింది. బొత్తాం ఆవిడ చేతుల్నే చూస్తోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

చాలాసేపటికి బొత్తాం ఒక కాలు గడప లోపల పెట్టింది. రెండోది ఇంకా పెట్టలేదు.