పన్నెండో కత్తి

ఆ ఇంట్లో పదకొండు జపాన్ కత్తులున్నాయి, టమాటా కోయడానికి మాత్రం ఒక్కటీ లేదు. ఇదేం చోద్యమంటే ఆయన్నే అడగాలి. బీమా ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆ పెద్దమనిషి ముందుగదిలో అద్దాల బీరువా చేయించి, ఒక్కో కత్తినీ ఒక్కో చెక్క ఒరలో పడుకోబెట్టాడు. ఆదివారం వస్తే చాలు, మెత్తటి గుడ్డా నూనెసీసా పట్టుకుని కూర్చుంటాడు. పసిపిల్లకి నీళ్ళు పోసేవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు.

ఆయన భార్య ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. రోజంతా అక్కడ తరిగి, ఇంటికొచ్చి మళ్ళీ మొండికత్తితో కుస్తీ పట్టాలి. బొటనవేలి కీలు వాచిపోయింది. "ఏమండీ, ఆ పదకొండింట్లో ఒక్కటి నా మొహాన పారెయ్యకూడదా?" అని అడిగీ అడిగీ ఆవిడ నోరు నొప్పెట్టింది.

ఒక్కసారి ఇచ్చాడు, పెళ్ళయిన ఆరో ఏట. ఆవిడ ఉల్లిపాయ మీద పెట్టి నొక్కితే కోత వంకరపోయింది, ముక్క ఒకవైపు మందం, ఒకవైపు పల్చన. మళ్ళీ కోసినా అంతే. ఆయన గబుక్కున లాక్కుని, "దీనికి చెయ్యి తిరగాలి. నీవల్ల కాదులే," అన్నాడు. మూడొందలమందికి వండి పెట్టే మనిషిని పట్టుకుని! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ ముక్కల్ని చూసుకుని, నిజమేనేమో అనుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ మాట ఆవిడ్ని తొలుస్తూనే ఉంది.

ఇంకో సంగతి. ఆవిడది ఎడమచేతి వాటం. బళ్ళో బెత్తం దెబ్బలు తిని రాత కుడిచేతికి మార్చుకుంది గానీ, కత్తీ గరిటే మాత్రం ఎడమచెయ్యి వదల్లేదు.

ఆ పదకొండు కత్తులూ కొట్టింది ఒకే కమ్మరి. జపాన్ పద్ధతి నేర్చుకొచ్చిన ముసలాయన. చూపు తగ్గి కొలిమి ఆర్పేయబోతూ, పాత ఖాతాదారులకి తలా ఒక్క కత్తి కొట్టి ఇస్తానన్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఇంట్లో కోసే మనిషి చెయ్యి కొలిచి కొడతాడట. అందుకే స్వయంగా వస్తున్నాడు.

పొద్దుట్నించీ మొగుడు ఆవిడ వెనకాలే తిరిగాడు. "అన్నీ రోజూ నేనే వాడుతున్నానని చెప్పు, సరేనా?"

"ఇప్పుడు అబద్ధాలు కూడా నేనే వండాలా?" అందావిడ.

మధ్యాహ్నం కమ్మరి వచ్చి కూర్చున్నాడు. ఇక మన పెద్దమనిషి మొదలెట్టాడు. ఏ కత్తికి ఏ ఉక్కు, ఎన్ని పొరలు, పిడి ఏ చెక్క, ఏ తారీఖున ఇంటికొచ్చింది, అన్నీ గడగడా అప్పజెప్పాడు. ఆవిడ వంటింట్లో దోసకాయ తరుగుతూ వింటోంది. నా పుట్టినరోజు అడిగితే మాత్రం నీళ్ళు నములుతాడు, అనుకుంది.

"ఇంట్లో కోసేదెవరు?" అన్నాడు కమ్మరి.

"మా ఆవిడేనండి."

"ఏ చేత్తో?"

"కుడిచేత్తోనేనండి, ఇంకేముంది! నాకు తెలుసుగా, వీటికి ఒకవైపే పదును. ఎడమచేతివాళ్ళకి పదును రెండోవైపుకి తిప్పి కొట్టాలి, లేకపోతే ముక్క వంకరపోతుంది. మాకా బాధ లేదు."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముక్క వంకరపోతుందా? తొమ్మిదేళ్ళు తనని తాను తిట్టుకుంది ఇందుకా? కత్తి పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది.

"ఏమండీ, పదిహేనేళ్ళుగా నేను ఏ చేత్తో కోస్తున్నాను?"

ఆయన ఆవిడ మొహం చూశాడు, తర్వాత కత్తి చూశాడు, తర్వాత కత్తి పట్టుకున్న చెయ్యి చూశాడు.

"నువ్వు... సంతకం కుడిచేత్తోనే పెడతావుగా?"

"ఓరి దేవుడా!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది, అదీ ఎడమచేత్తోనే.

కమ్మరి జేబులోంచి టేపు తీసి, "చెయ్యి ఇలా పెట్టమ్మా," అన్నాడు.

రెండు నెలలకి పార్సిలు వచ్చింది. పెద్దమనిషి ఆగుతాడా? ముందు తనే విప్పాడు. "ఒక్కసారి చూసి బీరువాలో..." అని ఆవిడ చూపు చూసి మింగేశాడు. పోనీ పదునైనా చూద్దామని ఉల్లిపాయ మీద పెట్టి నొక్కాడు. కోత వంకరపోయింది. పళ్ళు బిగించి మళ్ళీ కోశాడు, మళ్ళీ అంతే.

ఆవిడ నెమ్మదిగా కత్తి అందుకుంది.

"దీనికి చెయ్యి తిరగాలండి. మీవల్ల కాదులెండి."

చెక్క మీద ముక్కలు పల్చగా, సమంగా వరస కట్టాయి. ఆయన చూస్తూ నిలబడ్డాడు. కూరకి ఒక ఉల్లిపాయ చాలు. ఆవిడ నాలుగు కోసింది.