పచ్చ పలక

మా మ్యూజియంలో బోర్డులు రాసేది నేనే. ఆరో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ప్రాణుల రాజ్యం, తరగతి, కుటుంబం, జాతి అని లోపలివాళ్ళు కాగితం ఇస్తే పొల్లుపోకుండా దించుతాను. అర్థంతో నాకు పని లేదు.

బోర్డు అడుగున కొక్కేలకి ఒక రేకు పలక వేలాడుతుంది. ప్రాణి స్థితి మారితే ఆ పలక ఒక్కటే మారుస్తాం. పచ్చదైతే ముప్పు లేదు, ఎర్రదైతే అంతరించే దశ, నల్లదైతే ఇక లేదు. పలక మీద పేరుండదు.

మొన్న రెండు బోర్డులకి రంగు వేశాను. ఒకటి అద్దాల బీరువాలో గడ్డి కుక్కిపెట్టిన సముద్రపు పక్షిది. రేవులో చేపల బుట్టల మీద గుంపులుగా పడి అరిచే రకమే. రెండోది ప్రహరీ పక్కనున్న చెట్టుది. లోకంలో ఆ జాతికి ఇదొక్కటే మిగిలిందట. మా చెల్లెలి మొగుడు ఇక్కడ తోటమాలి; ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పదకొండేళ్ళు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఈ ఏడే తొలికాపు పట్టింది.

బోర్డులు పక్కపక్కన ఆరబెడితే బావ నవ్వాడు.

"ఏంటి బావా, చెట్టుకీ పక్షికీ సంబంధం చూస్తున్నావా? అది వృక్షరాజ్యం, ఇది జంతురాజ్యం. ఏడు తరాలు వెనక్కెళ్ళినా కలవవు!"

"కలిసినవాళ్ళు ఏం సుఖపడ్డార్లే. పోయి నీ పని చూసుకో."

"రెండ్రోజులు ఊళ్ళో ఉండను. కాయ రాలితే తీసి దాచు. చెట్టుని కాస్త కనిపెట్టుకో."

"నీ చెట్టుని ఎవడెత్తుకుపోతాడయ్యా!"

సాయంత్రం బోర్డులు బిగించి, పలకలు తగిలించి ఇంటికెళ్ళాను.

మర్నాడు నిచ్చెన మీదుండి గోడకి రాస్తుంటే రంపం చప్పుడు వినిపించింది. రోడ్డు పనేమో అనుకున్నాను. బయటికొచ్చేసరికి చెట్టు మొద్దే మిగిలింది. కొమ్మలు, కాయలు అన్నీ యంత్రంలో పడి పొట్టయిపోయాయి.

"కళ్ళు పోయాయారా?" అని చెట్టు కోయించిన మేస్త్రీ మీద పడ్డాను.

"కరెంటు తీగలకి అడ్డమొచ్చింది పెద్దాయనా. ఆఫీసులో అడిగితే పలక చూసుకోమన్నారు. పచ్చది కనబడింది, కోశాం. ఎర్రదుంటే ముట్టుకుంటామా?"

లోపలికి పరుగెత్తాను. చచ్చిన పక్షి కింద ఎర్ర పలక.

బావ వచ్చి తిట్టలేదు. పొద్దంతా మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టులో ఒక్క గింజ కోసం వెతికాడు. దొరకలేదు.

"తగిలించేటప్పుడు ఏం ఆలోచిస్తున్నావు బావా?" అని మాత్రం అడిగాడు.

ఏమీ ఆలోచించలేదు. అదే చెప్పాను.

ఇవాళ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చెట్టు బోర్డు కొత్తగా రాసి లోపల పక్షి పక్కన పెట్టాలి, కింద నల్ల పలక ఉండాలి. రాసేది నేనే కదా. రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు.