చీమా, నువ్వు మారవా

ఆఫీసులో నా గదికి మూడు వైపులా అద్దాలే. లోపల నేనేం చేస్తున్నానో అందరికీ కనిపిస్తుంది. బయట వాళ్లేం మాట్లాడుకుంటున్నారో నాకు ఒక్క ముక్క వినపడదు.

పన్నెండేళ్ల క్రితం వరకూ నేనూ వాళ్లలాగే ప్రోగ్రాములు రాసేదాన్ని. ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్‌ని కనుక "ఎప్పటికవుతుంది?" అని అడగడమే నా పని. ఎవరైనా రెండు రోజులంటే, "రెండంటే రెండేనా, నాలుగా?" అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. టీ కోసం వెళితే అక్కడి నవ్వులు ఆగిపోతాయి. అందరూ "మేడమ్, మీరు" అనేవాళ్లే. నన్ను "నువ్వు" అనే మనిషి మా అక్క ఒక్కతే ఉండేది. ఆమె పోయి రెండేళ్లయింది. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇంట్లోనూ ఆ మాట అనేవాళ్లు లేరు. ఒక్కోరోజు ఆ మాట కోసం మొహం వాచిపోయేది.

మా టీమ్ కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఆఫీసు చాట్‌లో ఒక గ్రూపు పెట్టుకుంది. కంపెనీలో ఎవరైనా మారుపేరుతో చేరవచ్చు. ప్రతి సోమవారం ఒక చిన్న లెక్క. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి. నేను "చీమ" అనే పేరుతో చేరాను. భోజనం వేళ గదిలో కూర్చుని రాసేదాన్ని. బయటివాళ్లు నేనేదో రిపోర్టు తయారుచేస్తున్నాననుకుని ఇంకాస్త దూరం జరిగేవాళ్లు.

నా మొదటి ప్రోగ్రాము గడ్డం దిద్దాడు. ఆ మారుపేరు ఎవరిదో అతను పెంచిన గడ్డమే చెప్పేస్తుంది, మా టీమ్‌లో అందరికన్నా బాగా రాసే మనిషి. నా ఎదుట మాత్రం తలెత్తి మాట్లాడడు.

"చీమా, ప్రతి లైను చివరా సెమికోలన్ ఎందుకు పెడతావు? ఈ భాషలో అక్కర్లేదని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. చదివావా, అట్ట చూసి మొదలెట్టేశావా?"

నవ్వొచ్చింది. "పెడతావు" అన్న మాటను మళ్లీ చదివాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం దేనికి.

మా పాత భాషలో సెమికోలన్ లేకపోతే బండి కదలదు. పదిహేనేళ్లు పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మరుసటి వారం గడ్డం మళ్లీ రాశాడు.

"చీమా, నువ్వు మారవా? చీమవని పంచదార చల్లినట్టు చల్లేస్తావా ఈ సెమికోలన్లు?"

టెస్టింగ్ చూసే అమ్మాయి నా పక్షాన వచ్చింది. "పోనీలే పాపం, ఎక్కడో బాగా పాత పుట్టలోంచి వచ్చినట్టుంది."

ఆరు వారాలు అలా తిట్లు తిన్నాను. సోమవారం కోసం ఎదురుచూడడం నాకు ఎన్నేళ్ల తర్వాతో మళ్లీ అలవాటైంది.

ఒక మధ్యాహ్నం గ్రూపులో గడ్డం, "ఈ లెక్కకి నాకు రెండ్రోజులు పడుతుంది" అన్నాడు. నేను ఆలోచించేలోపే నా వేళ్లు టైపు చేసేశాయి.

"రెండంటే రెండేనా, నాలుగా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. వేళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

అద్దంలోంచి చూశాను. మా టీమ్‌లోని ఆరు తలలూ ఒకేసారి నా గది వైపు తిరిగి, అంతే వేగంగా వెనక్కి తిరిగాయి. తెర మీద గడ్డం మాటలు కనిపించాయి. "మేడమ్, మీరా? ఇన్నాళ్లూ ఏవేవో అనేశానండీ. క్షమించండి."

"ఇక్కడ చీమనే. ఎప్పటిలాగే తిట్టు" అని రాశాను.

"అలాగేనండీ" అన్నాడు.

తర్వాతి లెక్కలో కావాలనే ప్రతి లైనుకూ సెమికోలన్ పెట్టాను. అది చాలదన్నట్టు కూడిక కూడా తప్పు చేశాను. పుస్తకం అట్ట మాత్రమే చూసినవాడైనా పట్టుకోగల తప్పది. పంపించి, తిండి మానేసి కూర్చున్నాను. బయట గడ్డం దాన్ని తెరిచాడు. గడ్డం గోక్కున్నాడు. ఏదో టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ చేశాడు.

"చాలా బాగుంది మేడమ్. మీరు చక్కగా రాశారు."

కూడిక నేనే సరిచేసుకున్నాను. సెమికోలన్లు ఒక్కొక్కటే తీసేశాను. కింద "చీమా, నువ్వు మారవా?" అని నేనే టైపు చేసుకుని, ఎవరి కంటా పడకముందే చెరిపేశాను.