ముందున్న అంకె

గుంటూరు మిర్చి యార్డులో పదకొండేళ్లు కాటా దగ్గర నిలబడ్డ మనిషి యలమందయ్య. అక్కడ లాటు నంబరు మొత్తం ఎవరూ పలకరు. చివరి మూడంకెలు అంటే చాలు, బస్తాలు కదులుతాయి. ఆ పని మానేసి వినుకొండలో వీడియో మిక్సింగ్ షాపు పెట్టినా ఆయనకి ఆ అలవాటు పోలేదు.

రెండువేల పదిలో తిరునాళ్ల ఎడ్ల పందేలు మూడు రోజులూ ఆయన షాపు వాళ్లే వీడియో తీశారు. శుక్రవారానికల్లా డీవీడీలు ఇస్తే ఏటా ఆ పని మీదేనని కమిటీ జాన్ బాషా మాటిచ్చాడు. అంత వీడియో పాత కంప్యూటరు మొయ్యలేక రెండు ప్రాసెసర్లు పట్టే వర్క్‌స్టేషన్ బోర్డు కొన్నారు. మిక్సింగ్ చేసేది తమ్ముడి కూతురు లక్ష్మీదుర్గ. ఈ-5520 రకం ప్రాసెసర్లు రెండు తెమ్మని చీటీ రాసిచ్చింది. హైదరాబాదు షాపువాడు డబ్ల్యూ-3520 చూపించాడు. వేగం ఎక్కువన్నాడు. చివర ఐదొందల ఇరవయ్యే ఉంది. యలమందయ్య ఇంకేమీ చూడకుండా రెండు తీసుకున్నాడు.

బుధవారం పొద్దున బిగించారు. రెండూ బోర్డు మీది గూళ్లలో చక్కగా కూర్చున్నాయి. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. లక్ష్మీదుర్గ ఒకదాన్ని తీసేసి చూసింది. మిషను లేచింది. దాన్నీ తీసి, ఆ గూట్లోనే రెండోదాన్ని పెట్టింది. దాంతోనూ లేచింది. రెండూ కలిపితే మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

 ఏదో ఒకటి పాడైందంటే యలమందయ్య మనసు ఒప్పుకునేది. రెండూ బాగున్నాయి, కలిస్తే చచ్చిపోతున్నాయి.

ఆ పిల్ల ఒకదాన్ని తీసి, మూత మీది పేస్టు తుడిచి నంబరు చదివింది.

"పెదనాన్నా, నేను రాసింది ఇది కాదు."

"ఐదొందల ఇరవయ్యేగా అమ్మా."

"ముందంకె చూడు. మూడంటే ఒంటిది. ఐదైతే జత కడుతుంది. ఏడైతే నాలుగు కలిసి పనిచేస్తాయి. నువ్వు చూసిన అంకెలు ఆ గుంపులో ఏది పెద్దదో చెప్తాయి, అంతే."

"మరి గూట్లో పట్టిందిగా?"

"కాడి కింద మెడ పెట్టినంత మాత్రాన లాగుద్దా? రెండోదాంతో కలిసే దారి దీని లోపలే లేదు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. షాపుకి ఫోన్ చేస్తే, సీలు తీసింది వెనక్కి తీసుకోం అన్నారు. ఆమె రాసిన రకం సోమవారం గానీ రాదన్నారు. ఒక్కదాంతో మూడు రోజుల వీడియో శుక్రవారానికి తేలదు. ఇక జాన్ బాషాకి చెప్పక తప్పలేదు.

"శుక్రవారానికి కుదరదు బాషా. ఆరు పళ్ల ఎడ్ల పందెం ఒక్కటీ ఇస్తా. మిగతాది వచ్చే వారం."



"మొత్తం అయితేనే అన్నాం గదన్నా. గుంటూరోళ్లు రెండుసార్లు అడిగి పోయారు. ఇంక వాళ్లకే చెప్తాలే."

ఫోను పెట్టేసి చూస్తే, లక్ష్మీదుర్గ ఒక్క ప్రాసెసరుతో మిషను లేపి హుస్సేన్ సాహెబ్ కూతురి పెళ్లి వీడియో తెరుస్తోంది. దీనికి ఒకటి చాలంది, తల తిప్పకుండా.

రెండోది యలమందయ్య చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలియదు. కొత్తది, ఏ లోపమూ లేనిది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.