అరమీటరు

అడిగి పుచ్చుకున్నదాన్ని దొంగసొత్తు అనవచ్చునా?

కత్తిరింపు బల్ల మీద పరిచిన తెల్లబట్టను చూస్తూ దర్జీ పొద్దుటినుంచి ఈ ప్రశ్న తనకు తాను ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్కలేదు. హజ్ యాత్రలో మగవాడు ఒంటికి చుట్టుకోవలసిన బట్ట అది. రెండే రెండు తుండ్లు, ఒక్క కుట్టు కూడా ఉండకూడదు. "నలభై ఏళ్ళు కుట్టుతో బతికినవాణ్ణి కుట్టు లేకుండా రమ్మన్నాడు చూడు దేవుడు" అని బావమరిది మేలమాడితే మొన్న తనూ నవ్వాడు. ఇవాళ ఆ బట్టను మడత పెట్టడానికి కూడా చెయ్యి రావడం లేదు.

అతని అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. జనం నోట ఉన్నది అరమీటరు. చొక్కాకు రెండు మీటర్లు చాలినా రెండున్నర తెమ్మంటాడు. ఉతికితే ముడుచుకుంటుందంటాడు, గళ్ళు కలవాలంటాడు. మిగిలింది బల్ల కింద గోనెసంచిలోకి పోతుంది. పని నేర్పిన గురువు సూదిలో దారం ఎక్కించడం కంటే ముందు నేర్పిన మాట ఒకటుంది: గుడ్డ గిరాకీది, ముక్క దర్జీది.

ఆ ముక్కలతో అతను పిల్లల ఫ్రాకులు కుట్టేవాడు. భార్య కాజాలు తీసేది, బొత్తాలు వేసేది. కుట్టుకూలి ఇంటికి ఖర్చయ్యేది, ఫ్రాకుల డబ్బు యాత్రకని వేరే డబ్బాలో పడేది. జ్వరాలొచ్చినా, ఇంటికప్పు కారినా ఆ డబ్బాను ముట్టుకోలేదు. అదే వాళ్ళిద్దరి గర్వం. వేరుగా దాచినందువల్లనే ఇవాళ ఆ డబ్బు పుట్టుక ఇంత స్పష్టంగా కనిపిస్తోంది. కూలితో కలిసిపోయి ఉంటే తనను తాను మోసగించుకోవడానికి కాస్త చోటుండేది.

ఖర్చు హలాల్‌గా ఉండాలి, ధర్మంగా సంపాదించినదై ఉండాలి అని మసీదులో పెద్దాయన యాత్రికులకు చెప్పినప్పుడు అతను ధీమాగానే తలూపాడు. బయలుదేరే ముందు అందరి దగ్గరా క్షమాపణ అడగమన్నాడాయన. నిన్న అదే పనిమీద గడపగడపా తిరిగాడు. "తెలిసో తెలియకో తప్పు చేసి ఉంటే మాఫ్ చెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. "నా అరమీటరు కూడా మాఫే, పోయిరా" అన్నాడు తాళాల రిపేరువాడు.

ఎదురింటి నర్సమ్మ మాత్రం నవ్వలేదు.

"తెలియక చేసినవి ఉంటే పోనీలే నాయనా, ఇప్పుడే మరిచిపోయాను" అంది. "తెలిసి చేసినవి ఉంటే మాత్రం పేరు పెట్టి అడుగు. మూటకట్టి అడిగితే ఏది విప్పి క్షమించను?"

ఆ మాట రాత్రంతా పంటికింద రాయిలా ఉండిపోయింది.

"బావా!" బావమరిది చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. "ఆఖరి విడత డబ్బు తీసియ్యి. ట్రావెల్స్ వాడు పన్నెండు దాటితే ఆగడట. వెనక రెండు జంటలు కాచుక్కూచున్నాయి."

గోడ గడియారంలో పదకొండున్నర. లోపలినుంచి భార్య డబ్బా తెచ్చి బల్ల అంచున పెట్టింది. దర్జీ దాని మూతమీద అరచెయ్యి ఆనించాడు, తీయలేదు.

"ఇది ముక్కల డబ్బు" అన్నాడు.

"అయితే?"

"ముక్కలు మనవి కావు."

బావమరిది అక్క ముఖం చూశాడు, బావ ముఖం చూశాడు. "తాంబూలాలిచ్చేశాక పిల్ల నచ్చలేదన్నట్టుంది నీ వరస. బంగారం పని చేసేవాడికి పొడి రాలదా? వడ్రంగికి చెక్క మిగలదా?"

"రాలిన పొడి వేరు. రాలేట్టు కొయ్యడం వేరు."

"ఊరందరికీ తెలిసిన సంగతే కదా బావా. నీకు పేరే పెట్టారు. తెలిసీ ఇచ్చారంటే ఒప్పుకున్నట్టే."

ఈ వాదం దర్జీకి కొత్తది కాదు. తెల్లవారుజామున తనే ఇంతకంటే నున్నగా చేసుకున్నాడు. అందరికీ తెలిసినది దొంగతనం కాదనే దాకా వచ్చాడు. అక్కడ ఒకే ఒక్క మనిషి అడ్డం నిలబడింది.

భార్య బల్ల దగ్గరికి జరిగింది. "ఇరవై ఏళ్ళు. నా చూపంతా ఆ కాజాల్లోనే పోయింది. అది హరామని ఇవాళ గుర్తొచ్చిందా మీకు?"

"నీలి చారల ఫ్రాకు గుర్తుందా?"

"ఉంది. ఆ వారం సంతలో మొదటి బేరం అదే."

"నర్సమ్మగారి ఆయన చొక్కా గుడ్డ అది. మంచాన పడ్డాక ఆయన ఆ ఒక్క చొక్కాయే వేసుకునేవాడు. కాలరు చిరిగింది. అతుకు వేస్తాను, చిన్న ముక్క ఉందా అని ఆవిడ వచ్చి అడిగింది, ఇదిగో ఇక్కడే నిలబడి. అప్పటికింకా ఫ్రాకు అమ్మలేదు. మిగతా ముక్క ఉన్న సంచి నా కాలికి తగులుతూనే ఉంది."

"మీరేమన్నారు?"

"వేలెడు ముక్క కూడా మిగల్లేదమ్మా అన్నాను. ఉందంటే, ఇన్నాళ్ళూ ఉంచుకున్నానని ఒప్పుకోవాలి కదా. ఆవిడ వేరే రంగు గుడ్డ వేసి కుట్టింది. ఆయన్ని చివరిసారి చూడబోయినప్పుడు ఒంటిమీద అదే చొక్కా."



"నాకెందుకు చెప్పలేదు?" అంది భార్య.

"చెబితే ఇచ్చెయ్యమంటావని."

ఆమె డబ్బాను తనవైపు లాక్కుంది. తీసుకుని తమ్ముడి చేతిలో పెడుతుందేమో అనుకున్నాడు దర్జీ. ఆమె పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పన్నెండుకు పావు తక్కువ" అన్నాడు బావమరిది, ఈసారి మెల్లగా. "అక్కా, నువ్వైనా చెప్పు. ఈ ఏడు తప్పితే మీ మోకాళ్ళు మళ్ళీ ఏడు దాకా ఆగుతాయా?"

అదే అసలు భయం. కూలి డబ్బుతో మళ్ళీ మొదలుపెడితే ఎన్నేళ్ళు పడుతుందో దర్జీకి తెలుసు. అన్నేళ్ళు తామిద్దరూ ఉంటారో లేదో తెలియదు. అయినా కుట్టు లేని బట్ట చుట్టుకుని నిలబడ్డ రోజున, ఒంటిమీద ఆ నీలి చారలు తనకొక్కడికే కనిపిస్తాయని కూడా తెలుసు.

"నా సీటు వెనకవాళ్ళకిచ్చెయ్యమను" అన్నాడు. "మీ అక్క సంగతి మీ అక్క చెబుతుంది."

"కాజాలు ఎవరు తీశారు మరి?" అంది ఆమె. కొంగుతో ముక్కు తుడుచుకుని తమ్ముడివైపు చూసింది. "రెండూ ఇచ్చెయ్యమను. పో, నిలబడకు. వాళ్ళైనా తొందరగా డబ్బు కట్టుకుంటారు."

బావమరిది మెట్లు దిగాడు.

దర్జీ తెల్లబట్టను మడిచి పై అరలో పెట్టాడు. బల్ల కిందికి వంగి గోనెసంచిని బయటికి లాగి బోర్లించాడు. గళ్ళు, పువ్వులు, ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఎవరెవరి కొత్త ఉద్యోగాలో బల్ల నిండా పరుచుకున్నాయి. అడుగున వెతగ్గా వెతగ్గా జానెడు నీలి చారల పట్టీ దొరికింది. ఒక కాలరు అతుకుకు సరిగ్గా సరిపోతుంది.

"ఆవిడ ఒక్కతేనా?" అడిగింది భార్య.

"ముందు ఆవిడ."

దాన్ని చేతిలో నలగకుండా పట్టుకుని అతను రోడ్డు దాటాడు. తలుపు రెండుసార్లు తట్టాడు. గొళ్ళెం తీసిన చప్పుడయింది.

"అమ్మా, నిన్న మూటకట్టి అడిగాను" అన్నాడు, పట్టీ ముందుకు చాపుతూ. "ఇవాళ పేరు పెట్టి అడగడానికి వచ్చాను."